టర్బో కొన్న అల్లుడికి

ఆటోనగర్,
విజయవాడ.



నువ్వు పంపిన ఫోటోలు రాత్రి షెడ్డు మూసేశాక తీరిగ్గా చూశాను. ట్రాక్ మీద తిప్పడానికి తీసుకున్న పాత స్విఫ్ట్ డీజిల్‌కి పెద్ద టర్బో కొన్నానని రాశావు. అదీ సెకండ్ హ్యాండ్‌ది, ఎవరో లోపల మార్పులు చేయించినది. కొనకముందు అడిగి ఉంటే ఒక్క మాటతో పోయేది. ఇప్పుడు చాలా చెప్పాలి, ఫోన్లో చెబితే సగం జారిపోతాయి. ఈ కాగితం బండి పక్కన పెట్టుకుని పని చెయ్యి.

ముందు నీ చేతిలో ఉన్నదేమిటో తేల్చుకో. ప్లేటు మీద నంబరు 5435తో మొదలవుతోంది. అది బోర్గ్‌వార్నర్ వాళ్ల కేపీ35 రకం. నీ 75 హార్స్‌పవర్ ఇంజన్‌కి కంపెనీలో బిగించిందీ ఆ రకమే. 5303 అని ఉంటే కే03, 5304 అయితే కే04. గారెట్ వాళ్లవైతే ఆరంకెలు, ఒక గీత, తర్వాత నాలుగంకెలు. మిత్సుబిషి వాళ్లవి 49తో మొదలవుతాయి. కానీ అల్లుడూ, ప్లేటు చెప్పేది ఆ టర్బో పుట్టిననాటి సంగతి. తర్వాత ఎవరో దాన్ని విప్పారు, లేత్ మీద హౌసింగ్ తొలిచారు, పెద్ద ఫ్యాన్ పెట్టారు. అదంతా ప్లేటుకి తెలియదు. హౌసింగ్ మీద పోతలోనే వచ్చిన అంకెలు చాలాసార్లు ఆ ముక్క నంబరే అవుతాయి, వాటిని పార్ట్ నంబరనుకుని వెతికి తిప్పలు పడకు.

అందుకని వెర్నియర్ తీసుకో. నీ బండిలోంచి విప్పిన పాత టర్బోని పక్కనే పెట్టుకో. కవర్ విప్పే ముందు అది ఏ కోణంలో ఉందో గీత పెట్టుకో. షాఫ్ట్ చివరి నట్టు జోలికి మాత్రం వెళ్లకు. గాలి పీల్చే వైపు ఫ్యాన్‌కి రెండు వ్యాసాలుంటాయి: నోటి దగ్గర చిన్నది, వెనక అంచున పెద్దది. చిన్నదాన్ని పెద్దదానితో భాగించు, వచ్చినదాన్ని దానితోనే గుణించు, వందతో హెచ్చవెయ్యి. దాన్నే ట్రిమ్ అంటాం. 33 మిల్లీమీటర్లు, 44 మిల్లీమీటర్లు వచ్చాయనుకో, ట్రిమ్ 56. రెండు టర్బోలకీ ఈ లెక్క వేసి రాసుకో. ఎగ్జాస్ట్ వైపు ఫ్యాన్ కూడా కొలిచి, రెక్కలు లెక్కపెట్టు. రెక్కల చివర్లు కోసి ఉంటే పైన పొగ సులువుగా పోతుంది గానీ, కింది ఆర్‌పీఎంలో బూస్ట్ ఆలస్యంగా అందుకుంటుంది.

ఇక ఆరోగ్యం. షాఫ్ట్‌ని వేళ్లతో పట్టుకుని పక్కలకి కదుపు. పొడి బేరింగ్‌లో రవ్వంత ఆట సహజమే, కానీ రెక్క గోడకి తగలకూడదు. ముందుకీ వెనక్కీ లాగితే చేతికి ఆట తెలిసిందంటే దాన్ని బిగించే ఆలోచన మానెయ్యి. హౌసింగ్ లోపల మెరిసే గీత ఉంటే ఫ్యాన్ ఎప్పుడో రాసుకుంది. వేస్ట్‌గేట్ రంధ్రం చుట్టూ పగుళ్లున్నాయేమో టార్చి వేసి చూడు. ఫ్యాన్ మార్చాక కోర్‌ని బ్యాలెన్సింగ్ మెషీన్ ఎక్కించిన కాగితం ఉందా అని అమ్మినవాణ్ణి అడుగు. లేదంటే మళ్లీ చేయించు. ఇవి నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరిగే వస్తువులు. అంత వేగంలో వెంట్రుకంత తేడా కూడా బేరింగ్‌ని తినేస్తుంది.

ఇప్పుడు చెప్పేది నా సొంత అనుభవం. పని నేర్చిన కొత్తలో ఒక పెద్దాయన బండికి టర్బో మార్చాను. ఆయిల్ వచ్చే పైపు దగ్గర గ్యాస్కెట్ ఉన్నా, కారకుండా ఉంటుందని సిలికాన్ పేస్ట్ కూడా పూశాను. నొక్కుకుపోయిన పేస్ట్ దారంలా లోపలికి వెళ్లి సన్న రంధ్రానికి అడ్డుపడింది. బండి గుంటూరు చేరకముందే షాఫ్ట్ పట్టేసింది. ఆయన ఒక్క మాట అనలేదు, ఇంకో టర్బో ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఆయిల్ దారిలో పేస్ట్ వాడలేదు, నా దగ్గర పనిచేసే పిల్లల్ని వాడనివ్వలేదు.

టర్బోకి ఆయిలే ప్రాణం. ఆయిల్ వచ్చే పైపు లోపల మసి గట్టిపడి ఉంటుంది. కడిగి పెట్టుకోవద్దు, కొత్తది కొను. తిరిగి సంపులోకి దిగే పైపు ఎక్కడా మడత పడకుండా, వీలైనంత నిలువుగా దిగాలి. అక్కడ ఆయిల్ ఆగితే సీల్ దాటి పొగ గొట్టంలోకి పోతుంది, నువ్వేమో టర్బో పోయిందనుకుంటావు. ఇంటర్‌కూలర్‌లో పాత ఆయిల్ నిలిచి ఉంటే కడిగి ఆరబెట్టు. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్చు. బిగించేటప్పుడు టర్బో ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి, ఫ్యాన్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పు. తర్వాత ఇంజెక్టర్ కనెక్టర్లు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా కొద్దికొద్దిగా సెల్ఫ్ కొట్టు. కనెక్టర్లు మళ్లీ తగిలించి స్టార్ట్ చేశాక కొన్ని నిమిషాలు ఐడ్లింగ్‌లోనే ఉంచు. ఆ కొన్ని నిమిషాలూ యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకు.

గాలి పెరిగిందని బలం దానంతటది రాదు. దానికి తగ్గ డీజిల్ కావాలి, అంటే ఈసీయూని ఆ టర్బో కొలతలకి సరిపడా రీమ్యాప్ చేయించాలి. లేకపోతే బూస్ట్ లెక్క తప్పిందని అదే పవర్ కోసేస్తుంది. యాక్చుయేటర్ ఎంత ప్రెషర్‌కి కదులుతోందో చేతిపంపు, గేజీ పెట్టి చూడు. రాడ్ బిగించి బూస్ట్ పెంచే పని చెయ్యకు. క్లచ్, బ్రేకులు కూడా చూసుకో.

ఇంకొకటి, ఇది మామయ్యగా చెబుతున్నాను. ఈ బండిని రోడ్డెక్కించకు. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఇలాంటి మార్పులని ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రేపేదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది కూడా అదే. ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి లారీ మీద ఎక్కించి తీసుకెళ్లు. పాత టర్బోని అమ్మకుండా గుడ్డలో చుట్టి దాచు, ఎప్పుడైనా ఆ బండి రోడ్డు మీదికి రావాలంటే అదే బిగించాలి.

పాతదీ కొత్తదీ కొలతలు పక్కపక్కన రాసి నాకు పంపు. అవి చూసి, ఇది పనికొస్తుందని నాకు నమ్మకం కుదిరితే, బిగించే రోజు బస్సెక్కి నేనే వస్తాను. అప్పటిదాకా బిగించడానికి స్పానర్ పట్టుకోకు. అమ్మని అడిగానని చెప్పు.

నీ మామయ్య