ప్రశ్నలు – జవాబులు: విప్పిన ఇంజనులో ఉంచదగినవి, విడువదగినవి

ప్రశ్న: నా వద్ద పాత మారుతీ ఎస్టీము కలదు. దానిని వేగమునకు తగినట్లు సిద్ధపరచి, చెన్నై దాపున ఇరుంగాట్టుకోట్టై పందెపు బాటమీద ఒక్కమారైనను నడుపవలెనని చిరకాలపు కోరిక. ఇంజను విప్పించితిని. లేతు పనివారు సమస్తమును కొత్తదే వేయుమనుచున్నారు. మా బావగారు బ్లాకు మొదలు బోల్టు వరకు పాత కంపెనీ సామానే గట్టిదనుచున్నారు. ఎవరి మాట వినవలెను? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: బ్లాకు విషయమున మీ బావగారి మాటను, బోల్టుల విషయమున లేతువారి మాటను వినుడు. ఏ భాగమును చేతిలోనికి తీసికొన్నను, దీని వెల యెంతయను ప్రశ్నను కాసేపు ప్రక్కకు నెట్టి, ఇది నడిదారిలో విరిగినచో తనతో కూడ దేనిని తీసికొనిపోవునని అడిగినయెడల, తీర్పు చాలవరకు తనంతట తానే దొరకును.

మీ ఇంజను 1,298 సి.సి.ది; బోరు 74 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75.5. అల్యూమినియము బ్లాకులో ఇనుప లైనర్లు బిగించినది. బోరుగేజి తెప్పించి, ప్రతి సిలిండరును పైన, నడుమ, క్రింద మూడు ఎత్తులలో, ఒక్కొక్క ఎత్తున నిలువుగా నొకసారి, అడ్డముగా నొకసారి కొలిపించి, ఆ ఆరు అంకెలను సుద్దముక్కతో బ్లాకు మీదనే వ్రాయించుడు. వానిలో పెద్దదానికిని చిన్నదానికిని నడుమ భేదము 0.10 మిల్లీమీటరు దాటక, పై అంచున గట్టు గోటికి తగులక యున్నయెడల బోరు చేయించుట వృథా. హోనింగు మాత్రము చేయించి, అవే పిస్టనులకు కొత్త రింగులు తొడుగవచ్చును. దాటినయెడల 0.25 ఓవర్‌సైజునకు పోవలెను. ఎట్లును విప్పితిమి గదా అని ఒక్కసారే 0.50కు తెగగోయించు ఉత్సాహవంతులు కొందరుందురు. వారు బ్లాకునకు మిగిలియున్న మరొక జన్మమును లేతు క్రింద పొట్టుగా రాల్చివేయుచున్నారు.

పిస్టనును తల చూచి నిర్ణయింపరాదు. తలమీది బొగ్గు గీకినంత మాత్రమున అది పడుచుదనము పొందదు. పిన్నునకు అడ్డముగా, స్కర్టుమీద మైక్రోమీటరుతో కొలిచి, పిదప పై రింగు గాడిలో కొత్త రింగును నిలిపి, ప్రక్క సందున ఫీలరుగేజి దూర్చి చూడుడు; 0.12 దాటిన సందు కలదేని, పైకి ఎంత నిగనిగలాడినను ఆ పిస్టను పని అయిపోయినది.

క్రాంకుషాఫ్టు ఉంచదగిన వస్తువులలో అగ్రగణ్యము. ఈనాడు అంగడిలో దొరకు అనుకరణములకంటె ఆనాటి పోతయే మేలని నా నమ్మకము. అయితే దానికి పగులు లేదని తెలిసికొనవలెను. అయస్కాంత పరీక్షకు వసతి లేనిచోట మన పాత మేస్త్రీలు చేయు ఉపాయ మొకటున్నది. షాఫ్టును కిరోసిన్‌లో నాననిచ్చి, పొడిగుడ్డతో తడి లేకుండ తుడిచి, సుద్దపొడి పలుచగా చల్లి, ఒక బీడీ కాలునంతసేపు ఊరకుండినయెడల (బీడీని మాత్రము దూరముగా పోయి కాల్చుకొనవలెను), పగులున్నచోట లోపల దాగిన కిరోసిన్ ఊరి, తెల్లని సుద్దమీద వెంట్రుకవంటి తడిగీత యొకటి లేచును. జర్నలునకును పక్క చెంపకును కలియు ఒంపులో ఆ గీత కనబడెనా, షాఫ్టును మారుమాట లేక పాతయినుమునకు పంపుడు. కనెక్టింగు రాడ్లకును ఇదే పరీక్ష.

ఇక బోల్టులు. ఎగ్జాస్టు స్ట్రోకు చివర పిస్టను పైకి పోయి ఆగు క్షణమున దానిని క్రిందికి అదుము మంట లేదు. పైకెగిరిపోవ జూచు దాని ఊపునంతటిని రాడ్డు క్యాపునకున్న రెండు బోల్టులే పట్టి ఆపవలెను. ఆ లాగుడు వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును గనుక, నిమిషమునకు 6,000 చుట్లు తిరుగు ఇంజనును మీరు 7,200 తిప్పినచో, వేగము ఐదవవంతు మాత్రమే హెచ్చినను లాగుడు 44 శాతము హెచ్చును. నేనును ఒకప్పుడు కొత్త బోల్టులు గుంటూరునుండి వచ్చుటకు రెండుదినములు పట్టునన్నందుకు ఓపిక లేక, పాతవానినే బిగించి, మూడవ నెలలో పొన్నూరు బాటమీద ఫలమనుభవించితిని: కనెక్టింగు రాడ్డు బ్లాకును చీల్చుకొని బయటికి తొంగిచూచినది. తెగిన బోల్టు నా చిటికెనవ్రేలంత. అది చేసిన రంధ్రములో నా పిడికిలి పట్టినది.

విడిచిన బోల్టులను గూర్చి విచారపడకుడు. మీ యూర సూర్య శిల్పశాలవారు వాహనముల పాతసామానును అతికి 14 అడుగుల మోదీ విగ్రహమును నిలబెట్టిరి గదా. అట్టి చోట చేరిన బోల్టునకు ఇక 7,200 చుట్ల శ్రమ యుండదు.

ప్రశ్న: మేము ఇంజనీరింగు విద్యార్థులము. జిప్సీ ఇంజను నొకదానిని విప్పి, భాగములన్నియు హాస్టలు వరండాలో పరచితిమి. బేరింగు షెల్లులు మిలమిల మెరయుచున్నవి. వానిని, హెడ్డు బోల్టులను, వాల్వులను తిరిగి వాడవచ్చునా? – విద్యార్థులు, బాపట్ల

జవాబు: మెరయుటయే దోషము. ఆరోగ్యముగల షెల్లు సాధారణముగా సీసమువలె మసక బూడిదరంగున నుండును. మెరసినదనగా పైపూత అరుగుచున్నదన్నమాట, ఇంకను అరిగినచో చాల షెల్లులలో క్రింది రాగి ఎరుపు బయటపడును. ఏ స్థితిలో నున్నను షెల్లులను మార్చవలసినదే, ఏలయన అవి చెడినచో క్రాంకుషాఫ్టును కూడ తీసికొనిపోవును. కాని పారవేయుటకు ముందు వానిని చదువుడు. ఏ సిలిండరుది యేదో గుర్తువేసి వరుసగా పెట్టినయెడల, ఒకే ప్రక్క ఏటవాలుగా అరిగిన జత వంగిన రాడ్డును, నల్లని నలుసులు గ్రుచ్చుకొన్న జత ఫిల్టరు మార్చుటలోని అశ్రద్ధను, మీకు నోరు విప్పి చెప్పును.

హెడ్డు బోల్టుల మాట మీ సర్వీసు పుస్తకము చెప్పవలెను. ఇంత టార్కునకు బిగించి ఆపై ఇన్ని డిగ్రీలు తిప్పుమని యున్నయెడల అవి సాగుటకే పుట్టిన బోల్టులు, రెండవమారు పనికిరావు. వాల్వులను కాడ అరుగనియెడల, అంచు కత్తివలె పలుచబడనియెడల ఉంచవచ్చును, ఎక్కడివక్కడనే.

భాగములను వెంటనే వరండానుండి తీయుడు. సూర్యలంక సముద్రపు గాలి మీకు హాయి. హోనింగైన సిలిండరునకు ఒక్క రాత్రిలో ఎఱ్ఱని తుప్పు. ఇంజను నూనె చేతితో పట్టించి, పాలిథీను సంచిలో మూతి కట్టి ఉంచుడు.

ప్రశ్న: 2024 సెప్టెంబరు కృష్ణ వరదలో మా డీజిల్ స్విఫ్టు రెండుదినములు మునిగినది. నీరు తీసిన తరువాత ఒక కుర్రవాడు స్టార్టరు తిప్పగా టక్కుమని ఆగిపోయినది. నాటినుండి షెడ్డులోనే యున్నది. ఇంజను విప్పి బాగుచేయించ దలచితిమి. లోపలి సామాను మిగులునా? – ఒక రైతు, రేపల్లె

జవాబు: ప్రకాశము బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు పారిన ఆ దినములలో ఇట్టి టక్కుమను శబ్దములు మన లంకలలో ఎన్నియో. నీరు నొక్కినను నలుగదు. మీ బండిలో ఒక్కొక్క సిలిండరు 312 సి.సి.ది; పిస్టను పైకి చేరినప్పుడు దానిపైన మిగులు చోటు సుమారు 20 మిల్లీలీటర్లు మాత్రమే. అనగా నాలుగైదు చెంచాల నీరు చాలును, వంగునది రాడ్డే.

కంటికి వంపు కనబడదు. హెడ్డు తీసి, నాలుగు పిస్టనులను ఒక్కొక్కటిగా పై కొసకు తెచ్చి, బ్లాకు పై మట్టమునుండి వాని ఎత్తును డయలుగేజితో కొలువుడు. మూడు సమానముగా నుండి ఒకటి తగ్గినచో ఆ రాడ్డు కుంచించినది. దానిని వేడిచేసి సుత్తితో సాపుచేయుదుమను వారికి నమస్కరించి వచ్చివేయుడు. తక్కిన మూడు రాడ్లు సరిగా నున్నచో ఉంచవచ్చును. నేటి ఇంజనులలో చాలవానిలో రాడ్డును క్యాపును ఒకే ముక్కగా చేసి పిదప విరిచెదరు, ఆ విరుపు గరుకుతనమే వానిని మరల అతుకును. కావున మొదటిదాని క్యాపు మూడవదానికి తగిలించినచో పట్టదు.

బురదనీటి తరువాత షెల్లులు, రింగులు, నూనెపంపు విడువవలసినవే. బ్లాకు మిగులును, కాని దానిలోని నూనె దారుల చివరి ప్లగ్గులన్నియు ఊడదీయించి, సన్నని బ్రష్షుతో తోమించి, గాలి పట్టించుడు. లంక మట్టి ఎండినపిదప ఆ సందులలో సిమెంటువలె కూర్చుండును. టర్బోను వేరుగా విప్పించుడు. దాని ఇరుసును వ్రేళ్లతో ఆడించినప్పుడు ఇసుక నలిగినట్లు తోచినయెడల, దాని వెల తెలిసికొనుటకు ముందు ఇంజను పనికి బయానా ఇయ్యకుడు.