తానులో మిగిలినదెంత?

జూన్ నెల సమీపిస్తున్నదంటే మల్కాజిగిరి దర్జీల దుకాణాలలో కుట్టుమిషన్లకు విశ్రాంతి ఉండదు. బడులు తెరిచే నాటికి పిల్లల ఏకరూప దుస్తులు సిద్ధం కావాలి. ఆ వేళ దర్జీకి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది: బల్లమీది తానులో ఇంకా ఎంత గుడ్డ మిగిలి ఉన్నది?

ప్రశ్న చిన్నదే అయినా పర్యవసానం చిన్నది కాదు. ఉన్నదానికంటె తక్కువగా అంచనా వేస్తే అక్కరలేని గుడ్డ కొని డబ్బు ఇరికించుకోవలసి వస్తుంది. ఎక్కువగా అంచనా వేస్తే ఇచ్చిన మాట తప్పవలసి వస్తుంది. కొత్త తాను తెచ్చినా, వేర్వేరుసార్లు రంగు అద్దిన గుడ్డల మధ్య ఛాయాభేదం ఉండవచ్చు. చొక్కా ఒక ఛాయ, చేతులు మరొక ఛాయ అయితే ఏ తల్లి సమ్మతిస్తుంది?

తానును పూర్తిగా విప్పి కొలవడం శ్రమ. అందువల్ల చాలామంది కంటితో అంచనా వేస్తారు. అయితే తాను విషయంలో కన్ను మోసపోతుంది. పైచుట్టు పొడవైనది, లోపలి చుట్టు పొట్టిది. కనుక తాను సగం లావుకు వచ్చినంత మాత్రాన గుడ్డ సగం మిగిలినట్లు కాదు.

తానును పక్కనుంచి చూస్తే గుండ్రని పళ్లెం నడుమ రంధ్రమున్నట్లు కనిపిస్తుంది. గుడ్డను విప్పినప్పుడు ఆ వైశాల్యమే సన్నని పొడవైన పట్టీగా మారుతుంది. కాబట్టి తాను వ్యాసపు వర్గంనుంచి లోపలి గొట్టం వ్యాసపు వర్గాన్ని తీసివేసి, 0.785తో గుణించి, పొర మందంతో భాగిస్తే పొడవు తెలుస్తుంది. పక్కభాగంలో ఒక సెంటీమీటరుకు 20 పొరలుంటే ఒక్కొక్క పొర మందం 0.05 సెంటీమీటరు.

తాను వ్యాసం 30, గొట్టం వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకొందాం. గుడ్డ సుమారు 137 మీటర్లు. తాను వ్యాసం 15కు తగ్గినప్పుడు మిగిలేది సుమారు 31 మీటర్లే. అంటే నాలుగో వంతు కూడా కాదు! చొక్కాకు మీటరున్నర చొప్పున, సగం గుడ్డ ఉన్నదని నమ్మి 45 చొక్కాలకు ఒప్పుకొన్న దర్జీ 20 చొక్కాలతో ఆగిపోవలసిందే. తక్కిన 25 మంది పిల్లలకు బడి మొదటిరోజున కొత్త చొక్కా ఉండదు.

తూకం మరొక మార్గం. మీటరు గుడ్డ 200 గ్రాములు తూగితే, గొట్టం బరువు తీసివేయగా 6.2 కిలోలున్న తానులో 31 మీటర్లుంటుంది. రెండు లెక్కలూ కలిస్తే అంచనాపై నమ్మకం కుదురుతుంది.

గణితం తెలుగువారికి కొత్త కాదు. 9వ శతాబ్దివాడైన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. దర్జీ చేతిలోని కొలత పట్టీ కూడా ఆ విద్యకు వారసురాలే. అనుభవం గల కన్ను అవసరమే. దానికి కొలత తోడైనప్పుడే దర్జీ మాట నిలుస్తుంది.

ప్రశ్నలు

1. తాను విషయంలో కన్ను ఎందుకు మోసపోతుంది?
2. తానులో మిగిలిన గుడ్డను తెలుసుకొనే రెండు మార్గాలను వివరించండి.