మిత్తి లేని రుణం, మిత్తి దాచిన అప్పు: సంఘం సభ్యులకు ఒక లెక్క

"సంఘం రుణానికి మిత్తి లేదన్నరు కదా, మరి బ్యాంకు ఎందుకు పట్టుకుంటోంది?" గ్రామ సంఘం మీటింగుల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. బ్యాంకు ముందుగా అసలు, వడ్డీ కలిపే కిస్తీ తీసుకుంటుంది. గడువు తప్పకుండా కట్టిన సంఘాలకు ఆ వడ్డీ సొమ్మును ప్రభుత్వం తర్వాత తిరిగి ఇస్తుంది. ఒక్కరు కట్టకున్నా ఆ దెబ్బ సంఘం మొత్తానికి తగులుతుంది.

ఈ భయంతోనే కిస్తీ రోజు దగ్గర పడగానే కొందరు అక్కలు ఫోన్‌లో లోన్ యాప్ తెరుస్తున్నారు. సంఘంలో మాట దక్కుతుంది, నిజమే. కానీ దానికి ఎంత పోతుందో చూడండి.

యాప్‌లో 5,000 రూపాయలు అడిగారు. ప్రాసెసింగ్ ఫీజు అంటూ 1,500 కోసి 3,500 వేశారు. వారంలో 5,000 కట్టాలి. అంటే చేతికొచ్చిన 3,500 మీద 1,500 మిత్తి. నూటికి దాదాపు 43 రూపాయలు, అదీ ఒక్క వారానికి! ఊళ్లో నెలకు నూటికి మూడు రూపాయలంటేనే అమ్మో అంటాం. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద 3 లక్షల లోపు సంఘం రుణానికి బ్యాంకు వడ్డీ ఏడాదికి 7 శాతం. నెలకు నూటికి 60 పైసలు కూడా కాదు.

ఇంకో మాట, ‘ఫ్లాట్ వడ్డీ’. 10 వేలు తీసుకుంటే ఏడాదికి 12 శాతమే అంటారు, నెలకు 933 రూపాయల కిస్తీ. ఆరు కిస్తీలు కట్టేసరికి అసలు సగం తీరిపోతుంది. అయినా మిత్తి మాత్రం పూర్తి 10 వేల మీదే లెక్క కడతారు. ఏడాదికి 1,200 పోతుంది. అదే 12 శాతం తగ్గుతున్న అసలు మీద వేస్తే దాదాపు 660 రూపాయలే. ఫ్లాట్ 12 అంటే అసలు లెక్కలో 21 శాతం పైనే. బండి, ఫ్రిజ్ కిస్తీల మీద కొనేటప్పుడు కూడా ఈ ఒక్క ప్రశ్న అడగండి: "ఫ్లాటా, తగ్గే అసలు మీదా?"

బ్యాంకైనా, రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న ఫైనాన్స్ కంపెనీ అయినా సంతకానికి ముందు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. 2024 అక్టోబరు 1 నుంచి ఇది తప్పనిసరి. అందులో ‘ఏపీఆర్’ అన్న అంకె చూడండి. ఫీజులన్నీ కలిపిన ఏడాది ఖర్చు అదే. మిగతా పేజీలు అర్థం కాకున్నా ఆ అంకె చదవండి. కాగితం ఇవ్వనివాళ్ల దగ్గర సంతకం వద్దు.

మీ కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతి అడిగిన లోన్ యాప్‌ను వెంటనే తీసేయండి. రిజర్వు బ్యాంకు నిబంధనలు అందుకు ఒప్పుకోవు. ఫొటోలు మార్చి బెదిరిస్తే సిగ్గుపడి ఊరుకోవద్దు, 1930కి ఫోన్ చేయండి. మైక్రోఫైనాన్స్ అప్పు వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. కంపెనీకి ఫిర్యాదు చేసి 30 రోజులైనా పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. వివరాలకు 14448.

ఈ నెల కిస్తీకి డబ్బు సర్దుబాటు కాదనిపిస్తే గడువుకు ముందే సంఘం లీడర్‌కు, వీవోఏకు చెప్పండి. సంఘం పొదుపులోంచి అంతర్గత అప్పు తీసుకోవచ్చు, స్త్రీనిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు దాటాక చెబితే ఈ రెండు దారులున్నా వడ్డీ రాయితీ నిలవదు.