పాఠం: పదో తరగతి మళ్ళీ రాయవచ్చా?

పిల్లలూ! జురాంగ్ ఐలాండ్ పేరు మీరు వినే ఉంటారు. ఏడు చిన్న దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి తయారు చేసిన ఈ దీవిని 2000 అక్టోబరు 14న లాంఛనంగా ప్రారంభించారు. అక్కడ చమురు శుద్ధి, రసాయనాల కర్మాగారాలు ఉన్నాయి. పాసు లేనిదే ఎవరినీ గేటు దాటనివ్వరు. మన బడి పిల్లల నాన్నగార్లు కొందరు అక్కడ ఇంజనీర్లు. పైపులు వెల్డింగ్ చేసేవారిలో, స్కాఫోల్డింగ్ కట్టేవారిలో కూడా మన తెలుగువారు ఉన్నారు.

ఉగాది నాడు అలాంటి ఒకాయన మన బడి అబ్బాయిని ఇలా అడిగారు.

"బాబూ, నేను తొమ్మిదిలోనే బడి మానేశాను. ఇప్పుడు ముప్పై నాలుగేళ్ళు. పదో తరగతి రాయనిస్తారా?"

"తెలియదు అంకుల్, మా టీచర్‌ని అడిగి చెప్తాను."

ఆ ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

ఎక్కడ రాయాలి?

బడికి వెళ్ళకుండా పదో తరగతి చదవడానికి భారత ప్రభుత్వం 1989లో జాతీయ ఓపెన్ స్కూల్‌ను స్థాపించింది. 2002 నుంచి దాని పేరు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ. అందరూ ఎన్.ఐ.ఓ.ఎస్. అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991లో రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీ ఏర్పడింది. 2014 తరువాత తెలంగాణకు వేరే సొసైటీ వచ్చింది. అమెరికాలో ఇలాంటి పరీక్షను జి.ఇ.డి. అంటారు. యుద్ధానికి వెళ్ళి చదువు ఆగిపోయిన సైనికుల కోసం 1942లో దాన్ని మొదలుపెట్టారు.

ఎన్.ఐ.ఓ.ఎస్. అర్హతలు

1. వయసు: 14 ఏళ్ళు నిండాలి. పై వయోపరిమితి లేదు.

2. చదువు: ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. అది లేకపోతే, ఈ చదువు చదవగలనని స్వయంగా రాసి సంతకం చేసి ఇవ్వవచ్చు.

3. రుజువు: పుట్టిన తేదీకి కాగితం కావాలి.

4. సబ్జెక్టులు: కనీసం 5 పాస్ కావాలి. అందులో ఒకటైనా భాష ఉండాలి, రెండు భాషలకు మించకూడదు. తెలుగు మాధ్యమంలోనూ చదవవచ్చు.

5. గడువు: ఒకసారి చేరితే 5 ఏళ్ళలో 9 సార్లు పరీక్షకు కూర్చోవచ్చు. పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయనక్కరలేదు.

ఇంటర్మీడియట్ స్థాయికి 15 ఏళ్ళు నిండి, పదో తరగతి పాసై ఉండాలి.

ఏమిటి ప్రయోజనం?

ఈ సర్టిఫికెట్ మామూలు పదో తరగతితో సమానం. దానితో ఇంటర్, ఐ.టి.ఐ., డిప్లొమా వైపు వెళ్ళవచ్చు. ఇంకొక సంగతి ఉంది. పదో తరగతి లేనివారి పాస్‌పోర్టు మీద సాధారణంగా ఇ.సి.ఆర్. ముద్ర ఉంటుంది. వారు పని కోసం గల్ఫ్ వంటి 18 దేశాలకు వెళ్ళాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ జాబితాలో సింగపూర్ లేదు కనుక ఇక్కడ ఉన్నన్నాళ్ళు ఆ లోటు తెలియదు. ఇక్కడి కాంట్రాక్టు అయిపోయి మరో దేశంలో పని వెతుక్కునే రోజున తెలుస్తుంది.

జాగ్రత్తలు

పాస్‌పోర్టులో ఉన్న పేరు, పుట్టిన తేదీ ఫారంలోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. సర్టిఫికెట్ వచ్చిన తరువాత దిద్దించుకోవడం పెద్ద తిప్పలు. పరీక్షలు ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, అక్టోబరు-నవంబరు నెలల్లో ఒకసారి జరుగుతాయి. ఊరు వెళ్ళి రాయదలచినవారు ఆ నెలలకు సరిపోయేలా ముందే సెలవు అడగాలి. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని లేదు. ఒక సెలవులో రెండు, మరో సెలవులో మూడు రాసినా చాలు.

అభ్యాసం

1. పదో తరగతికి ఎన్.ఐ.ఓ.ఎస్.లో చేరడానికి కనీస వయసు ఎంత?
2. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ లేనివారు ఏమి చేయాలి?
3. పై కథలోని అంకుల్‌కు అర్హత ఉందా? ఎందుకు?
4. ఇంట్లో చేయవలసినది: ఆ అంకుల్‌కు జవాబుగా తెలుగులో పది వాక్యాల ఉత్తరం రాయండి. చదువు ఆగిపోయినవారు మీకు ఎవరైనా తెలిస్తే వారికి చదివి వినిపించండి.