అనుచరులు చల్లబడినప్పుడు నాయకుడేం చేయాలి?

ఏ సంస్థ అయినా ప్రారంభమైన రోజు హాలు నిండిపోతుంది. అది మస్జిదు కమిటీ కావచ్చు, జకాత్ వసూలు చేసి పేదలకు అందించే బైతుల్‌మాల్ కావచ్చు, విద్యార్థి సంఘం కావచ్చు. అందరూ పేర్లిస్తారు, చందాలు రాయిస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి అధ్యక్షుడు, కార్యదర్శి, టీ తెచ్చే కుర్రవాడు మిగులుతారు. జనంలో త్యాగభావం లేదని అధ్యక్షులవారు వాపోతారు. జనంలో లోపం ఉంటే ఉండవచ్చు. కాని ముందుగా పరిశీలించుకోవలసింది నాయకత్వ సరళిని.

ఈ విషయంపై ఆధునిక కాలంలో పేరుపొందిన ప్రయోగం ఒకటుంది. జర్మనీ నుంచి అమెరికా వలస వెళ్ళిన మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్, ఆయన సహచరులు లిపిట్, వైట్ కలసి అయోవా విశ్వవిద్యాలయంలో పదేళ్ళ వయసు బాలురతో చిన్న చిన్న క్లబ్బులు ఏర్పాటు చేశారు. 1939లో ఫలితాలు ప్రకటించారు. పిల్లలు మాస్కుల వంటి చేతిపని వస్తువులు తయారుచేయాలి. ఒక రకం నాయకుడు అంతా తానే నిర్ణయించి ఆజ్ఞలు జారీచేస్తాడు. రెండో రకం నాయకుడు పిల్లలను సంప్రదిస్తాడు, వారితోపాటు కూర్చుంటాడు. మూడో అతను సామగ్రి ఇచ్చి మీ ఇష్టమని వదిలేస్తాడు. వదిలేసిన చోట పని అంతంతమాత్రంగా జరిగింది. ఆజ్ఞల కింద పని బాగానే సాగింది, పరిమాణంలో కాస్త ఎక్కువే అయింది కూడా. అయితే నాయకుడు గది దాటగానే చేతులు ఆగిపోయేవి. సంప్రదింపులు జరిగిన చోట మాత్రం నాయకుడు లేకపోయినా పని నడిచింది.

ఈ ఫలితం చూసి ‘ఇస్లాం చెప్పిన షూరా కూడా ఇదే కదా’ అని కొందరు తేలిగ్గా తేల్చేస్తారు. షూరా గొప్పదనంలో సందేహం లేదు. కాని ఆ క్లబ్బుల్లో ఓటమి లేదు, అవమానం లేదు, తోటివారి శవాలు లేవు. మనసు విరిగిన మనుషులను తిరిగి పనిలోకి ఎలా తేవాలో తెలియాలంటే మహాప్రవక్త ముహమ్మద్ (స) జీవిత చరిత్రే చూడాలి.

ఉహద్ సంగతి పాఠకులకు తెలిసిందే. హిజ్రీ 3 (క్రీ.శ. 625)లో దైవప్రవక్త (స) మదీనాలోనే ఉండి పోరాడడం మేలని భావించారు. బద్ర్‌లో పాల్గొనే అవకాశం రాని యువకులు ఊరి బయటికి వెళదామని పట్టుబట్టారు. ఆయన వారి మాట మన్నించారు. 50 మంది విలుకాళ్ళలో అధికులు తమ స్థానం వదిలివెళ్ళడంతో గెలుపు చేజారింది. 70 మంది సహాబీలు అమరులయ్యారు. సంప్రదింపులకు ఇక స్వస్తి చెప్పడానికి ఇంతకంటే మంచి సాకు ఏ నాయకునికి దొరుకుతుంది? కాని ఈ యుద్ధం తర్వాత అవతరించిన ఆలె ఇమ్రాన్ సూరా 159వ ఆయతు తాత్పర్యం చూడండి. మీరు కఠిన హృదయులై ఉంటే వీరు మీ చుట్టూ నిలిచేవారు కాదు, వీరిని మన్నించండి, వ్యవహారాల్లో వీరిని సంప్రదిస్తూ ఉండండి అని అందులో ఉంది. ఎవరి సలహా బెడిసికొట్టిందో, ఎవరి కాళ్ళు తడబడ్డాయో వారినే మళ్ళీ సలహా అడగమన్న ఆదేశమిది! మన కమిటీల్లో ఒక్కసారి తప్పు సలహా ఇచ్చిన సభ్యునికి తర్వాతి సమావేశం కబురైనా అందుతుందా?

అయితే ప్రతి నిర్ణయమూ మెజారిటీ ఇష్టప్రకారమే జరగలేదు. హిజ్రీ 6 (628)లో దాదాపు 1400 మంది సహాబీలు ఉమ్రా సంకల్పంతో బయలుదేరి హుదైబియా వద్ద ఆగిపోయారు. ఖురైషులతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ ఏడాది కాబాను చూడకుండానే వెనుదిరగాలి. మక్కా నుంచి పారిపోయి వచ్చినవారిని తిప్పి పంపాలి. సంకెళ్ళతో వచ్చిన హజ్రత్ అబూ జందల్ (రజి)ను కళ్ళెదుటే అప్పగించవలసి వచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారే తట్టుకోలేక ప్రశ్నల వర్షం కురిపించారు. దైవప్రవక్త (స) ఆయన ప్రశ్నలకు సమాధానమిచ్చారే గాని నిర్ణయం మార్చలేదు.

ఒప్పందం రాత ముగిశాక, లేచి ఖుర్బానీ ఇవ్వండి, తలలు గొరిగించుకోండి అని ఆయన ఆజ్ఞాపించారు. ఒక్కరూ లేవలేదు. మూడుసార్లు చెప్పినా లేవలేదు. ప్రాణాలివ్వడానికి సిద్ధపడి వచ్చినవారు వీరు! అది తిరుగుబాటు కాదు. దుఃఖంతో వారి కాళ్ళు చచ్చుబడిపోయాయి.

ఆయన గుడారంలోకి వెళ్ళి సతీమణి హజ్రత్ ఉమ్మె సలమా (రజి)కు సంగతి చెప్పారు. మీరు బయటికి వెళ్ళి ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడకండి, మీ ఒంటెను మీరు జిబహ్ చేయండి, క్షురకుణ్ణి పిలిచి తల గొరిగించుకోండి అని ఆమె సలహా ఇచ్చారు. ఆయన అక్షరాలా అలాగే చేశారు. అది చూసి అందరూ ఒక్కసారిగా లేచారు, ఒకరి తల ఒకరు గొరగసాగారు. నాలుగోసారి ఆజ్ఞాపించి ఉంటే ఏమయ్యేదో మనం చెప్పలేం. అవమానభారంతో కూర్చున్నవారికి ఉపన్యాసం ఎక్కదని, కళ్ళెదుట జరిగే పని మాత్రం కదిలిస్తుందని ఆ తల్లికి తెలుసు. ఇంటావిడ సలహాను చిన్నతనంగా భావించే పెద్దమనుషులు ఈ హదీసును బుఖారీలో మరోసారి చదువుకోవాలి.

ఇక బహుమానాల సంగతి. జీతం పెంచితే, బోనస్ ఇస్తే ఎవరైనా పనిచేస్తారని నేటి మేనేజర్లలో చాలామంది నమ్మకం. హిజ్రీ 8 (630)లో హునైన్ యుద్ధం తర్వాత జిఇర్రానా వద్ద సొత్తు పంపిణీ జరిగింది. సీరత్ గ్రంథాలు 24 వేల ఒంటెలు, 40 వేలకు పైగా గొర్రెలని లెక్క చెబుతాయి. కొత్తగా ఇస్లాంలోకి వచ్చిన ఖురైషు నాయకులకు, వారి హృదయాలు కుదుటపడడానికి, ప్రవక్త (స) ఎక్కువగా ఇచ్చారు. అబూ సుఫ్యాన్‌కు 100 ఒంటెలు దక్కాయి. అన్సార్లకు ఏమీ రాలేదు. ఆయనకు తన వాళ్ళు దొరికారు, ఇక మనమెందుకని వారిలో గుసగుసలు మొదలయ్యాయి.

ఈ సంగతిని హజ్రత్ సాద్ బిన్ ఉబాదా (రజి) దాచకుండా ప్రవక్త (స)కు విన్నవించారు. మరి నీ సంగతేమిటని ప్రవక్త (స) అడిగారు. నేనూ నా వాళ్ళలో ఒకణ్ణే అన్నారాయన. ఈ జవాబుకు ఆయన హోదా పోలేదు. అన్సార్లను ఒక ఆవరణలోకి పిలిపించమని మాత్రం ఆదేశం వచ్చింది. దైవప్రవక్త (స) అక్కడ వారిని గద్దించి పంపలేదు. మీరు నాకు చేసిన మేలు గురించి నాతో ఇలా అనవచ్చు, అది నిజమే అవుతుందంటూ వారి పక్షాన తానే మాట్లాడారు. అందరూ వెలివేసిన వేళ వారు ఆశ్రయమిచ్చిన సంగతి స్వయంగా గుర్తుచేశారు. ఆ తర్వాత, జనం గొర్రెలను, ఒంటెలను తోలుకుపోతుంటే మీరు దైవప్రవక్తను మీ ఇళ్ళకు తీసుకువెళ్ళడం మీకు సమ్మతం కాదా అని అడిగారు. వారి గడ్డాలు కన్నీటితో తడిసిపోయాయి.

కొత్తవారిని ఒంటెలు నిలబెట్టాయి. అవే ఒంటెలు అన్సార్లకు పంచి ఉంటే వారి బాధ తీరేది కాదు. తాము ఆయనకు పరాయివాళ్ళమైపోయామన్నదే వారి భయం. సొంత ఊరు మక్కా అప్పటికే జయించబడింది, అక్కడే స్థిరపడే అవకాశమూ ఉంది. అయినా దైవప్రవక్త (స) అన్సార్లతోనే మదీనాకు తిరిగివచ్చారు. హిజ్రీ 11 (632)లో ఆయన పరమపదించింది కూడా వారి మధ్యనే.