అవ్వ కల, క్వాంటం లెక్క

తారానగర్

పాపా,

క్వాంటం మాట తెచ్చినంత మాత్రాన అవ్వ కలకు ఫిజిక్సు దొరికినట్టు కాదు. ముడిపడ్డ కణాల ఎంటాంగిల్‌మెంట్‌తో కబురు పంపలేం. రెండు చోట్ల తీసిన కొలతలను తర్వాత పక్కపక్కన పెట్టి చూస్తేనే పొంతన బయటపడేది. ఇది మీ లెక్చరర్ చెప్పే ఉంటారు, నువ్వే విని ఉండవు.

మనసుకు కబురు మోసే శక్తి ఏదైనా ఉందా అని నువ్వు అడిగిన దారిలో మనవాళ్లూ నడిచారు. కోనేరు రామకృష్ణారావుగారు అమెరికాలో పారాసైకాలజీ పరిశోధకుడు జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చి, 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ శాఖ పెట్టారు. రైన్ కార్డులు 25, వాటి మీద గుర్తులు ఐదు. కార్డు చూడకుండా గుర్తు ఊరికే ఊహించి చెప్పినా సగటున ఐదు సరిపోతాయి. అంతకు మించి ఎన్ని, అన్నదే ప్రశ్న. కార్డులకూ చెప్పేవాళ్లకూ మధ్య దూరం పెరిగినా ఫలితం తగ్గడం లేదు కాబట్టి ఇది భౌతికశక్తి కాదన్నాడు రైన్. నేను ఒప్పుకోను. దీపం వెలుగు రెండింతల దూరంలో నాలుగో వంతవుతుంది. దూరంతో తగ్గనిది భౌతికానికి అతీతమైనా కావచ్చు, అసలు లేనిదైనా కావచ్చు. ఆ రెంటినీ విడదీయకుండా ప్రాణశక్తి, చైతన్యక్షేత్రం అని పేర్లు పెడితే ఏం తెలిసినట్టు?

అవ్వ అబద్ధమాడదని రాసినావు. మా అమ్మ సంగతి నాకు తెలీదా? ఫారడే ఏం చేశాడో చూడు. 1853లో, చేతులు ఆనిస్తే బల్లలు వాటంతటవే కదులుతాయని ఇంగ్లండులో జనం ఊగిపోతున్నారు. ఆయన ఎవరినీ దొంగలనలేదు. బల్ల మీద పెట్టిన రెండు పలకల మధ్య గాజు కడ్డీలు పెట్టి, రబ్బరు బ్యాండ్లు బిగించి, పై పలక ఇసుమంత జరిగినా చూపేలా గడ్డిపరకను ముల్లుగా అమర్చాడు. పై పలక మీద చేతులు పెట్టించాడు. ముల్లు వాలింది: నెడుతున్నది చేతులే! ముల్లు కళ్లకు కనబడేలా పెట్టగానే బల్ల కదలడం మానేసింది. వాళ్లంతా నిజాయితీపరులే. తాము నెడుతున్నామని వాళ్లకే తెలీదు.

ఇక అవ్వ కల. లారీ బోల్తా పడినట్టు కలొచ్చింది, మూడోనాడు పడింది. మన రోడ్డు మీద ఇనుప ఖనిజం లారీలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి గదా. ఏ వారం పడకుండా ఉంది? అవ్వకు అలాంటి కల ఎన్నిసార్లొచ్చి ఏమీ జరగలేదో ఎవరైనా రాసిపెట్టినారా? ఆ లెక్క లేకుండా, కబురు మోసుకొచ్చిన శక్తి ఏదని వెతకడం తొందరపాటు.

ఒక నోటుబుక్కు పెట్టు. అవ్వ కల చెప్పిన రోజున, బయటి కబురేదీ ఇంటికి రాకముందే తేదీ, టైము వేసి రాయి. "లారీ" అని ఊరుకోవద్దు; ఏ రోడ్డు, ఎన్నిరోజుల లోపల, అంతా ముందే అడిగి రాసుకో. చెప్పమని మాత్రం ఆమెను సతాయించొద్దు. దసరా సెలవులకు ఆ బుక్కు పట్టుకురా. తప్పిన కలల పేజీలు చింపినావంటే నేను చూడను.

మీ పెద్దనాయన