ఉరుము మేఘంలో ఎన్ని వోల్టులు?

ఉరుములు, మెరుపులు మీకు కొత్త కాదు. కాని మేఘం లోపల ఎన్ని వోల్టులుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? 100 కోట్ల వోల్టుల దాకా ఉండవచ్చని సి.టి.ఆర్. విల్సన్ అనే శాస్త్రవేత్త 1920లలోనే అంచనా వేశాడు. కొలవడమే కష్టమైంది. బెలూనులోని పరికరం తాను వెళ్ళిన దారి వెంటనే కొలుస్తుంది. మేఘమేమో ఎన్నో కిలోమీటర్లు పరచుకొని, నిమిషనిమిషానికీ మారిపోతుంది. బెలూన్లకు దొరికిన అత్యధిక విలువ 13 కోట్ల వోల్టులు మాత్రమే.

కొలిచే సాధనం నిజానికి పైనుంచే వస్తోంది. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు గాలిలోని పరమాణు కేంద్రకాలను ఢీకొన్నప్పుడు మ్యుయాన్లనే కణాలు పుడతాయి. మ్యుయాన్ ఎలక్ట్రాన్ వంటిదే, కాని దాని ద్రవ్యరాశి సుమారు 207 రెట్లు ఎక్కువ. మీరు ఈ పుట చదువుతుండగానే మీ అరచేతి గుండా సెకనుకు దాదాపు ఒకటి చొప్పున దూసుకుపోతున్నాయి!

తమిళనాడులోని ఊటీలో, 2200 మీటర్ల ఎత్తున, టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి గ్రేప్స్-3 ప్రయోగం నడుస్తోంది. అక్కడ మందపాటి కాంక్రీటు కింద వేల సంఖ్యలో ఇనుప గొట్టాలు పేర్చారు. ఒక్కొక్కటి 6 మీటర్ల పొడవు. కాంక్రీటును దాటగల శక్తి ఉన్న మ్యుయాన్లే వాటిని చేరతాయి. అయినా రోజుకు సుమారు 400 కోట్ల మ్యుయాన్లు నమోదవుతాయి. అందువల్లనే చాలా చిన్న మార్పు కూడా స్పష్టంగా తెలుస్తుంది.

2014 డిసెంబరు 1న ఊటీపైకి ఉరుము మేఘం వచ్చినప్పుడు 18 నిమిషాలపాటు మ్యుయాన్ల సంఖ్య సుమారు 2 శాతం తగ్గింది.

ఎందుకు తగ్గింది? మ్యుయాన్లలో ధనావేశం గలవీ, ఋణావేశం గలవీ ఉన్నాయి. మేఘంలోని విద్యుత్ క్షేత్రం ఒక రకాన్ని ఆపుతుంది, రెండో రకాన్ని ముందుకు తోస్తుంది. శక్తి తగ్గినవాటిలో కొన్ని కాంక్రీటును దాటలేవు. రెండు రకాలూ సమానంగా ఉంటే తగ్గుదల, పెరుగుదల చాలావరకు సరిపోయేవి. కాని ధన మ్యుయాన్లు ఎక్కువ, ఇంచుమించు 5కి 4 నిష్పత్తిలో. ఆ రోజు ఆగినవి ధన మ్యుయాన్లే కాబట్టి మొత్తం సంఖ్య పడిపోయింది.

2 శాతం తగ్గడానికి ఎంత పొటెన్షియల్ భేదం కావాలో కంప్యూటరుతో లెక్కించగా 130 కోట్ల వోల్టులని తేలింది. బెలూన్ల రికార్డుకు ఇది పది రెట్లు! ఈ ఫలితం 2019లో ప్రచురితమైంది. ఉరుము మేఘాల నుంచి గామా కిరణాలు వెలువడతాయని 1994లో ఉపగ్రహ పరిశీలనల ద్వారా వెల్లడైంది. అంతటి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఇప్పుడొక ఆధారం దొరికింది.

పాఠ్యాంశ ప్రశ్న: మేఘంలోని క్షేత్రం ఋణ మ్యుయాన్లను ఆపే దిశలో ఉంటే, నేలపై నమోదయ్యే మ్యుయాన్ల సంఖ్య పెరుగుతుందా, తగ్గుతుందా? కారణం రాయండి.